పోటు వచ్చేలోగా

పదిసార్లు రమ్మని చీటీ రాసిచ్చారు.
డబ్బు బీమావాళ్లే కడతారట.
మొదటిసారి, వానకోటు కూడా విప్పకుండానే అడిగాను:
"పిల్లాడు ఆ దారిన రాలేదు కదా,
పైనుంచి తీశారు.
మరి కింద మరమ్మతు దేనికి?"

మంత్రసాని గ్వెనోల నవ్వలేదు.
"నువ్వు చేసే పనేంటి?" అంది.
కాంకాల్ ఒడ్డున ఆల్చిప్పల మడుల్లో, చెప్పాను.
ఆటు వేళ ట్రాక్టరెక్కి పోయి
ఇనుప బల్లల మీది సంచులు తిరగెయ్యడం.
ఒక్కోటీ పదిహేను కిలోలు.
"సంచిని ఏ పక్కనుంచి తీస్తేనేం,
అన్నాళ్లూ మోసింది బల్లే కదా."

అప్పుడు విప్పాను కోటు.

ముందు మచ్చ చూసింది.
ఏడు వారాలుగా నేను చూడనిది.
స్నానం చేస్తుంటే చెయ్యి అక్కడిదాకా వచ్చి
తెలియనివాళ్ల గుమ్మం ముందులా ఆగిపోయేది.
ముట్టుకుంటే నా చర్మం కాదు,
రబ్బరు తొడుగుల్లోంచి ఎవర్నో తాకినట్టు.
సముద్రానికి రోజుకు రెండే పోట్లు,
నా కుట్లకు లెక్కలేదు.
"బాదం నూనె రాసి, రెండు వేళ్లతో,
అటూ ఇటూ, పైకీ కిందికీ.
లోపలి పొరలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి,
మెల్లగా బుజ్జగించాలి."

కోత అంటే మాకు డిసెంబరు,
పండగ ముందర, వేళ్లు కొంకర్లుపోయే చలిలో.
ఇది జూన్‌లో జరిగింది,
పదకొండు నిమిషాల్లో.
తెర అవతల ఎవరో బీరువా సొరుగులో
దేనికోసమో వెతుకుతున్నట్టుంది.
అంతలో ఏడుపు.
నాకంటే ముందు లొయిగ్ చూశాడు వాణ్ని.
ఆ మాట దగ్గర గొంతు పట్టేసింది.
గ్వెనోల ఏమీ అనలేదు,
నూనె సీసాకు మూత పెట్టి
మళ్లీ తీసింది.

"కింద ఒక బఠాణీ గింజ ఉందనుకో.
ఊపిరి వదులుతూ దాన్ని లోపలికి తీసుకో.
పట్టు. ఐదు లెక్కపెట్టు. వదులు."
నేను పట్టినవి: పళ్లు, పిరుదులు, భుజాలు.
బఠాణీ ఉన్నచోటే ఉంది.
మూడోవారం ఏదో కదిలింది.
బురదలో దిగబడ్డ బూటు లాగితే
ముందు బురద కదులుతుందే, అలా.

అయినా తుమ్ముకు ఇవేవీ తెలియవు.
రొట్టెల కొట్టు వరసలో వచ్చిందొకటి.
కాళ్లు మెలేసి నిలబడ్డాను.
వెచ్చగా ఓడిపోయాను.
గొడుగు మూసేసి ఇంటిదాకా వానలో నడిచాను,
తడంతా ఒకటే తడి అయ్యేదాకా.

అత్తగారు ఆర్మెల్ బంగాళాదుంపల తొక్క తీస్తోంది.
కుర్చీ అంచున కూర్చుని
గోడ మీది ఆటుపోట్ల పట్టిక చూస్తూ
నేను ఐదు లెక్కపెడుతున్నాను.
"ఏంటది?"
చెప్పాను. బఠాణీ సంగతి కూడా.
చాకు ఆగింది.
"అది నేర్పుతారా?"

లొయిగ్ పుట్టాక, అంది, పండగరాత్రి ఆటలు మానేశాను.
వేళ్లూ వేళ్లూ కలిపి వరసకట్టి ఎగరడం.
మోకాళ్లు అని చెప్పేదాన్ని.
సంచీలో ఎప్పుడూ ఇంకో నల్ల పాంటు.
ఎక్కడికెళ్లినా ముందు గది వెనక తలుపు చూసుకుని,
నవ్వించేవాళ్లకు దూరంగా కూర్చునేదాన్ని.
వయసనుకున్నాను.
అప్పుడు నాకు ముప్పై నాలుగు.

లొయిగ్‌కిప్పుడు ముప్పై ఆరు.

"పట్టండి" అన్నాను.
ఆవిడ దవడలు బిగించింది.
"పళ్లు కాదు, అత్తయ్యా."
ఫక్కుమంది. వెంటనే భయపడి ఆపుకుంది.
ఆపుకున్నందుకు మళ్లీ నవ్వొచ్చింది ఇద్దరికీ,
లోపల ఎవెన్ ఉలిక్కిపడి లేచేంత.

సంచులు ఎత్తడానికి గ్వెనోల ఇంకా ఒప్పుకోలేదు.
నవంబరులో చూద్దాం అంది.
మంగళవారం నాకు ఏడోసారి.
పోటు రాకముందే లొయిగ్ ట్రాక్టరులో దింపుతాడు,
ఇద్దర్నీ.
ఆవిడ వానకోటు విప్పదు,
మొదట.